చర్మంలోకి దిగిన మందును పట్టుకోవడం: నా అనుభవం

వైరస్ పొక్కులకు రాసే ఎసైక్లోవిర్ క్రీమ్ ట్యూబు మీద 5 శాతం అని ఉంటుంది. అంటే గ్రాము క్రీములో 50 మిల్లీగ్రాముల మందు ఉన్నట్టు. పెదవి పక్కన లేచిన పొక్కు మీద రాసినప్పుడు అందులో ఎంత లోపలికి దిగుతుంది, ఏ పొర దాకా వెళ్తుంది, అక్కడ ఎంతసేపు నిలుస్తుంది అన్నది మాత్రం ట్యూబు చెప్పదు. అది కొలవడమే నా పని. వరంగల్‌లో కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టుగా మొదలై, ఇప్పుడు యూరప్‌లో ఒక ల్యాబ్‌లో పీహెచ్‌డీగా సాగుతోంది. ఈ మధ్యలో గాజు సెల్లులో చర్మం బిగించి కొలిచాను, టేపుతో పొరలు లాగి కొలిచాను, చర్మంలోకి సన్నటి గొట్టాలు దూర్చి కొలిచాను. వాటిలో కొన్ని నా చేతి మీదే జరిగాయి. మందు అదే, క్రీమ్ అదే అయినా పద్ధతి మారితే అంకె మారిపోతుంది. ఫార్మసీ చదివే పిల్లలు నన్ను తరచుగా అడిగేది "ఏ పద్ధతి కరెక్ట్ అక్కా?" అని. ఒక్క ముక్కలో చెప్పలేక, పడిన పాట్లన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు అసలు ఈ గొడవంతా ఎందుకో చెప్పాలి. మాత్ర మింగితే కొలిచే దారి ఖాయంగా ఉంది. గంటల వారీగా రక్తం తీస్తారు, అందులో మందు ఎంతుందో చూస్తారు, జెనరిక్ మాత్రకీ అసలు కంపెనీ మాత్రకీ మధ్య నిష్పత్తి 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉంటే రెండూ సమానమని ఒప్పుకుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మాలో పనిచేసేవాళ్లను నిద్రలో లేపి అడిగినా ఈ అంకెలు చెప్తారు. పూత మందుకు వచ్చేసరికి ఈ లెక్క పనికిరాదు, ఎందుకంటే మందు పని చేయాల్సిన చోటు చర్మమే, రక్తంలోకి వచ్చేది ఆ చోటు దాటిపోయిన మందు. పైగా అది చాలా కొంచెం. నొప్పులకు రాసే డైక్లోఫెనాక్ జెల్ ఒక మోకాలికి చెప్పిన మోతాదులో రాసుకుంటే ఒంట్లో తిరిగే మందు, మాత్రలు వేసుకున్నప్పటితో పోలిస్తే 6 శాతం దగ్గర ఉంటుందని దాని అమెరికా లేబుల్‌లోనే రాసి ఉంది. రక్తం చూసి చర్మం గురించి చెప్పలేకపోతే మిగిలిన దారి, వందల మంది రోగులకు రెండు క్రీములూ ఇచ్చి ఎవరికి ఎంత తగ్గిందో చూడటం. దానికి అయ్యే ఖర్చు, పట్టే కాలం చూసి చాలా కంపెనీలు జెనరిక్ క్రీముల జోలికే వెళ్లవు. చవకగా దొరకాల్సిన మందు దొరకదు. చర్మంలోనే నేరుగా కొలిచే నమ్మకమైన పద్ధతి కావాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఇదే.

అడ్డంగా నిలబడేది పైపొర, స్ట్రాటమ్ కార్నియం. అరచేతులు, అరికాళ్లు వదిలేస్తే దాని మందం 10 నుంచి 20 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు మించదు. చనిపోయిన కణాలు, వాటి మధ్య కొవ్వు పదార్థాలు, అంతే. రాసిన మందులో ఎక్కువ భాగాన్ని ఆపేది ఈ పొరే.

వరంగల్‌లో నేను మొదలుపెట్టింది ఫ్రాంజ్ సెల్లుతో. థామస్ ఫ్రాంజ్ 1975లో రాసిన పేపరు తర్వాత ఈ గాజు సెల్లు ప్రపంచమంతా పాకింది. రెండు గాజు గదులు, మధ్యలో చర్మం ముక్క, పైన క్రీమ్, కింద బఫర్ (ఆమ్లత్వం మారకుండా నిలిచే ద్రవం), అందులో తిరిగే చిన్న అయస్కాంతం, చుట్టూ వేడినీళ్ల జాకెట్. చర్మం పైభాగం 32 డిగ్రీల దగ్గర ఉండాలి. పక్కనున్న గొట్టంలోంచి సమయానికి కొంచెం ద్రవం తీసి, అంతే కొత్త బఫర్ పోయాలి. వినడానికి ఏమీ లేదు, చేస్తే తెలుస్తుంది. చర్మం కింద ఒక్క గాలి బుడగ చేరినా ఆ మేర మందు దిగదు, సెల్లును వంచి, తట్టి, బుడగను పక్క గొట్టంలోంచి బయటికి పంపాలి, రాత్రి రెండింటికి శాంపిల్ తీయడానికి లేచినప్పుడు కొత్త బుడగ పుట్టి కనిపిస్తే వచ్చే నీరసం అంతా ఇంతా కాదు.

చర్మం కోసం పంది చెవులు వాడేవాళ్లం. పంది చెవి వెనక చర్మం మనిషి చర్మానికి చాలావరకు దగ్గరగా ఉంటుంది. ఇక్కడ ఎవరూ పుస్తకంలో రాయని కిటుకు ఒకటుంది. మాంసం కొట్టులో వెంట్రుకలు గీకడానికి ముందు మరిగే నీళ్లు పోస్తారు, లేదా మంట మీద కాలుస్తారు. అలా అయిన చెవి చూడటానికి శుభ్రంగా ఉంటుంది, పైపొర మాత్రం పాడైపోయి ఉంటుంది, మందు సర్రున దిగిపోతుంది. అందుకని ముందు రోజే వెళ్లి "అన్నా, నీళ్లు పోయకముందే చెవులు కోసి ఇవ్వు" అని చెప్పి పెట్టేవాళ్లం. ఆయన మొదట వింతగా చూసినా తర్వాత మాకోసమే విడిగా ఉంచేవాడు. ఇప్పటికీ మన దగ్గర నుంచి వచ్చిన థీసిస్ ఏదైనా చేతికొస్తే నేను మొదట చూసేది చెవులు ఎక్కడ తెచ్చారు, ఎలా తెచ్చారు అన్నదే.

ఇంతకంటే పెద్ద చిక్కు కింద ఉండే ద్రవంతో వస్తుంది. నీటిలో కరిగే మందు అయితే బఫర్‌లోకి హాయిగా దిగుతుంది. కొవ్వులో కరిగే మందు చర్మం దాటి వచ్చినా నీళ్లలోకి దిగడానికి ఇష్టపడదు, చర్మంలోనే ఉండిపోతుంది. మనం శాంపిల్ తీసి చూస్తే దాదాపు సున్నా. "ఈ మందు చర్మం దాటదు" అని రాసేస్తాం. దాటింది, దిగడానికి దానికి చోటు లేదు. అందుకే ద్రవంలో ఆల్బుమిన్ ప్రోటీన్ కలుపుతారు, లేదా చర్మాన్ని పాడుచేయని సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) ఏదైనా తగుమాత్రం కలుపుతారు. ద్రవంలో అది మార్చగానే అదే క్రీమ్, అదే చెవి, అంకె మాత్రం ఎన్నో రెట్లు పెరగడం చూశాక నాకు పట్టుకున్న ప్రశ్న ఇప్పటికీ వదల్లేదు. ఎంత మందు వెళ్లిందని అడిగే ముందు, వెళ్లిన దానిలో నా పద్ధతికి ఎంత చిక్కుతుందని అడగాలి.

యూరప్ వచ్చాక మనిషి చర్మం మీద పని మొదలైంది. పొట్ట తగ్గించే సర్జరీల్లో తీసేసిన చర్మాన్ని, ఆ మనుషుల రాతపూర్వక అనుమతితో, ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాక ల్యాబ్‌కు ఇస్తారు. పేరు ఉండదు, వయసు, ఆడా మగా, ఒంటి మీద ఏ భాగం, అంతే. కొవ్వు తీసేసి డెర్మటోమ్ అనే పరికరంతో పల్చగా, సుమారు 200 నుంచి 500 మైక్రోమీటర్ల మందంతో కోస్తాం. వాడే ముందు ప్రతి ముక్కకీ అడ్డుగోడ సరిగ్గా ఉందో లేదో పరీక్ష ఉంటుంది. చర్మం గుండా ఆవిరయ్యే నీటిని కొలవడమో, విద్యుత్ నిరోధం చూడటమో చేస్తాం. ఇంత జాగ్రత్త తీసుకున్నా ఒకరి చర్మానికీ ఇంకొకరి చర్మానికీ మధ్య తేడా మనిషిని నిలవనివ్వదు. ఒకే టేబుల్ మీద, ఒకే రోజు, ఒకే క్రీమ్, ఒకరిలో దిగినదానికి ఇంకొకరిలో అనేక రెట్లు దిగుతుంది. మొదట్లో నేనేదో సరిగ్గా చేయట్లేదేమోనని టెన్షన్ పడేదాన్ని. మా గైడ్ గారు ఎప్పుడూ ఒకటే మాట అనేవారు, తేడా చర్మంలో ఉంది, దాన్ని దాచకు, ప్రతి మనిషి చర్మం మీదా రెండు క్రీములనూ పక్కపక్కనే పెట్టి పోల్చు అని.

టేపు పద్ధతి విషయానికి వస్తే, మా దగ్గర కొత్తగా చేరినవాళ్లు మందేమీ రాయకుండా మొదట సొంత ముంజేతి మీదే చేయి తిప్పుకుంటారు. గుండ్రటి అతుకు టేపు చర్మానికి అతికించి, కొలిచిన బరువుతో కొన్ని క్షణాలు నొక్కి, ఒక్క లాగు లాగాలి. టేపుతో పాటు పైపొరలో ఒక వరస కణాలు వస్తాయి. మళ్లీ అదే చోట ఇంకో టేపు, మళ్లీ ఇంకోటి. మందు రాసిన చర్మం మీద ఇలా చేసి ఒక్కో టేపులో ఎంత మందుందో చూస్తే, పైపొరలో ఎంత లోతుకు ఎంత ఉందో ఒక గీత వస్తుంది. మొదటి ఒకటి రెండు టేపుల్లో ఉండేది లోపలికి దిగకుండా పైన మిగిలిన క్రీమే కాబట్టి దాన్ని పక్కన పెట్టేస్తారు. చవక, సూది లేదు, డాక్టర్ పక్కన అవసరం లేదు. మొదటి కొన్ని టేపులకు ఏమీ అనిపించదు. పోనుపోను చర్మం మెరుస్తూ కనిపిస్తుంది, తర్వాత చురుక్కుమంటుంది, స్నానం చేసేటప్పుడు నీళ్లు తగిలితే బాగా మంట.

నా చేతి మీద ఇంకోటి కూడా జరిగింది. నాతో పాటు నేర్చుకున్న తెల్లతోలు స్నేహితులకు ఎర్రదనం కొద్ది రోజుల్లో పోయింది. నాకు గుండ్రటి నల్లమచ్చలు పడ్డాయి, చాలా నెలలు ఉండిపోయాయి. అమ్మ వీడియో కాల్‌లో చూసి "చేతికి ఏంటమ్మా ఆ మచ్చలు? ఎవరైనా కాల్చారా?" అని కంగారుపడింది. మన రంగు చర్మం గాయానికి ఇలాగే స్పందిస్తుంది, కొత్తేమీ కాదు. వాలంటీర్ల దగ్గర సంతకం తీసుకునే కాగితంలో ఈ మాట స్పష్టంగా ఉండాలని నేను గట్టిగా అడిగాను, చేర్చారు. స్టెరాయిడ్ క్రీములకు వాడే పాత పద్ధతిలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. స్టెరాయిడ్ దిగితే రక్తనాళాలు ముడుచుకుని చర్మం తెల్లబారుతుంది, ఆ తెల్లదనాన్ని కొలిచి మందు బలాన్ని చెప్పొచ్చని మెకెంజీ, స్టౌటన్ 1962లో చూపించారు, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1995లో దాన్ని జెనరిక్ స్టెరాయిడ్ క్రీములకు పద్ధతిగా రాసిపెట్టింది. కానీ ముదురు రంగు చర్మం మీద ఆ తెల్లబారడం తేలిగ్గా కనిపించదు.

టేపు పద్ధతికి ఒక చరిత్ర ఉంది, అది తెలియకుండా దీన్ని వాడకూడదని నా అభిప్రాయం. 1998లో ఎఫ్‌డీఏ ఈ పద్ధతితో జెనరిక్ క్రీముల సమానత్వాన్ని తేల్చవచ్చని ఒక ముసాయిదా తెచ్చింది. తర్వాత మొటిమలకు రాసే ట్రెటినాయిన్ జెల్లుల మీద రెండు ల్యాబులు చేసిన పరీక్షలు ఒకదానికొకటి పొంతన లేని ఫలితాలు ఇచ్చాయి. 2002లో ఆ ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. టేపు ఎంత గట్టిగా నొక్కారు, ఏ వేగంతో లాగారు, మిగిలిన మందును ఎలా తుడిచారు, అంచుల్లో పక్కకు పాకిన మందును లెక్కేశారా లేదా, ఇవన్నీ అంకెను మార్చగలవు. చర్మం మీద ఉండే సన్నటి గాడుల్లో ఇరుక్కున్న క్రీమ్ పదో టేపులో కూడా రావచ్చు, అప్పుడు అది లోతుకు దిగిన మందులా కనిపిస్తుంది. తర్వాత రిచర్డ్ గై, అనెట్ బంజ్ బృందం ఎకోనజోల్ అనే ఫంగస్ మందు క్రీముల మీద పద్ధతిని సరళం చేసి, మందు ఎక్కే సమయంలో ఒకసారి, దిగిపోయే సమయంలో ఒకసారి కొలిస్తే చాలని, మిగిలిన క్రీమును బాగా తుడవాలని చూపించారు. దాంతో పద్ధతి చాలా మెరుగుపడింది. ఫంగస్ మందుల్లాంటి వాటికి, అంటే పని పైపొరలోనే జరగాల్సిన వాటికి, నేను ఇప్పటికీ టేపునే ముందు పెడతాను. లోపలి పొర డెర్మిస్‌లో పని చేయాల్సిన మందుకు టేపు చెప్పేది సగం కథే.

ఇక్కడ కాస్త పక్కకు వెళ్తాను, ఎందుకంటే ఇది ప్రయోగశాలకే పరిమితమైన విషయం కాదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ ఇద్దరూ రేడియోధార్మిక గుర్తు ఉన్న హైడ్రోకార్టిజోన్‌ను ఒంటి మీద వేరువేరు చోట్ల రాసి, మూత్రంలో ఎంత వస్తుందో చూశారు. ముంజేతిని 1 అనుకుంటే అరికాలి వంపులో 0.14, తల మీద 3.5, నుదుటి మీద 6, దవడ మూల 13, వృషణాల సంచి మీద 42. ఒకే మందు, ఒకే మనిషి. మన ఊళ్లలో తామరకు, మొహం తెల్లబడటానికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో బలమైన స్టెరాయిడ్ కలిసి ఉండటం చాలామందికి తెలియదు. తొడ సందుల్లో, మొహం మీద నెలల తరబడి రాస్తారు, అంటే సరిగ్గా ఎక్కువగా దిగే చోట్లలోనే. చర్మం పల్చబడి, ఎర్రబడి, మానేస్తే మంటలు పుట్టి మళ్లీ అదే రాయడం, ఇదంతా నేను మా పిన్ని మొహం మీదే చూశాను. 2018లో కేంద్రం చాలా పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. దయచేసి చీటీ లేకుండా కొనకండి.

మళ్లీ పనిలోకి వద్దాం. చర్మంలోకి సన్నటి గొట్టం దూర్చి కొలిచే పద్ధతుల్లో ఒకటి మైక్రోడయాలసిస్. దానికి నేను వేరే గ్రూపు స్టడీలో వాలంటీర్‌గా చేరాను, అవతలి పక్క ఎలా ఉంటుందో తెలుసుకోకుండా ఇంకొకరి చేతిలోకి సూది దూర్చడం నాకు నచ్చలేదు. ముంజేతిని ఐస్ ప్యాక్‌తో మొద్దుబార్చారు. సన్నటి సూదిని చర్మం లోపల పైపైనే, దాదాపు చర్మానికి సమాంతరంగా, రెండు మూడు సెంటీమీటర్లు నడిపించి అవతల బయటికి తీశారు. దాని గుండా వెంట్రుక లాంటి గొట్టం పంపి సూదిని లాగేశారు. గొట్టం మధ్యభాగం కిడ్నీ రోగులకు వాడే డయాలసిస్‌లో ఉండేలాంటి సూక్ష్మరంధ్రాల పొర. సూది దూరేటప్పుడు చురుకు, లాగేటప్పుడు అదోరకం ఒత్తిడి, తర్వాత ఏమీ లేదు. చుట్టూ మాత్రం ఎర్రగా కమిలింది. ఆ ఎరుపు తగ్గేదాకా గంటకు పైగా ఖాళీగా కూర్చోబెట్టారు. ఆ కూర్చోవడం చాలా ముఖ్యం, ఎర్రగా ఉందంటే అక్కడ రక్తం ఎక్కువగా పారుతోందని, అప్పుడే క్రీమ్ రాస్తే దిగిన మందును రక్తం ఎత్తుకుపోతుంది, కొలతకు తక్కువ దొరుకుతుంది. ఈలోగా అల్ట్రాసౌండ్‌తో గొట్టం ఎంత లోతులో ఉందో రాసుకున్నారు.

ఆ తర్వాత అసలు పరీక్ష ఓపికకే. పంపు నిమిషానికి ఒకటి రెండు మైక్రోలీటర్ల చొప్పున గొట్టంలోకి ద్రవాన్ని పంపుతుంది, చర్మంలోని మందు పొర దాటి అందులోకి వస్తుంది. అరగంటకు వచ్చేది 30 నుంచి 60 మైక్రోలీటర్లు, ఒక చిన్న చుక్క. చేయి కదపకూడదు, బాత్రూమ్‌కు పంపుతో సహా వెళ్లాలి, ఒంటి చేత్తో అన్నం తినాలి. నాకు బాగా నచ్చింది ఏమిటంటే ఒకే చేతి మీద ఇలాంటి గొట్టాలు చాలా పెట్టొచ్చు, ఒకటి ఈ క్రీమ్ కింద, పక్కది ఆ క్రీమ్ కింద. మనిషికీ మనిషికీ ఉండే తేడా అక్కడికక్కడే కొట్టుకుపోతుంది. రోజంతా పట్టినా ఒక్క మనిషి నుంచి నిజంగా పోల్చదగిన సమాచారం వస్తుంది, అదీ బతికున్న, రక్తం పారుతున్న చర్మం నుంచి. ఫ్రాంజ్ సెల్లు ఎప్పటికీ ఇవ్వలేనిది ఇదే.

గొట్టంలోంచి వచ్చిన ద్రవంలో మందు ఎంతుందో చూసి, చర్మంలో అంతే ఉందనుకుంటే పప్పులో కాలేసినట్టే. వాగులో మావు పెట్టి పొద్దున పడ్డ చేపలు లెక్కబెట్టినంత మాత్రాన వాగులో ఎన్ని చేపలున్నాయో తెలియదు కదా, మావు ఎన్నింటిని పట్టగలదో తెలియాలి. దీన్ని రికవరీ అంటారు. తెలుసుకునే ఒక దారి, అదే మందును గొట్టంలోకి పంపే ద్రవంలో కలిపి, ఎంత బయటికి కారిపోతుందో చూడటం. 100 పంపితే 80 తిరిగొచ్చిందనుకోండి, 20 శాతం పొర దాటి వెళ్లింది, కాబట్టి అవతల నుంచి ఇవతలకు కూడా 20 శాతమే వస్తుందని లెక్క. ద్రవంలో మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు దొరికితే చర్మంలో 10 ఉన్నట్టు. నీటిలో కరిగే చిన్న మందులకు ఇది చక్కగా నడుస్తుంది. కొవ్వులో కరిగే మందులకు, ప్రోటీన్లకు అతుక్కునే మందులకు రికవరీ ఒక శాతం, అంతకంటే తక్కువ కూడా ఉండొచ్చు. ఒక శాతమంటే వచ్చిన అంకెను వందతో హెచ్చవేయాలి, దాంతో పాటు అందులోని తప్పు కూడా వంద రెట్లవుతుంది. ఇంకో మోసం ఉంది. కొన్ని మందులు ప్లాస్టిక్ గొట్టం గోడలకే అతుక్కుంటాయి. పంపిన 100లో 80 తిరిగొస్తే, పోయిన 20 చర్మంలోకి వెళ్లిందనుకుంటాం, నిజానికి గొట్టం గోడలకు పట్టి ఉండొచ్చు.

ఈ చిక్కును దాటడానికి వచ్చిందే ఓపెన్ ఫ్లో మైక్రోపెర్‌ఫ్యూజన్. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో జోఆనియం రీసెర్చ్ వాళ్లు, అక్కడి మెడికల్ యూనివర్సిటీ కలిసి చర్మానికి తగినట్టు దీన్ని అభివృద్ధి చేశారు. గొట్టం దూర్చడం దాదాపు అలాగే, కానీ మధ్యలో పొర ఉండదు, పెద్ద తెరుపులు ఉంటాయి. చర్మంలోని ద్రవం నేరుగా కలిసిపోయి వస్తుంది, ప్రోటీన్‌తో సహా, దానికి అంటుకున్న మందుతో సహా. ద్రవాన్ని ఒక పక్క తోయాలి, ఇంకో పక్క లాగాలి, రెండూ సరిసమానంగా ఉండాలి. తోసింది ఎక్కువైతే చర్మంలోకి కారి వాపు వస్తుంది, లాగింది ఎక్కువైతే గాలి పీలుస్తుంది. అందుకే ప్రతి సీసాను ముందూ తర్వాతా తూచి, ఎంత పంపాం, ఎంత వచ్చింది అని చూసుకుంటాం. వచ్చిన శాంపిల్ మైక్రోడయాలసిస్ చుక్కలా తేటగా ఉండదు, మసకగా, ఒక్కోసారి లేత ఎరుపుగా ఉంటుంది. మందును వేరుచేసి కొలిచే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రంలోకి నేరుగా పంపితే అందులోని కాలమ్ (వేరుచేసే గొట్టం) పాడైపోతుంది. ప్రోటీన్‌ను విడగొట్టి, మందును వేరుచేసి, తక్కువ పరిమాణంలోనే అన్నీ చేయాలి. మైక్రోడయాలసిస్‌లో చర్మం దగ్గర జరిగే వడపోత, ఇక్కడ ల్యాబులో మన చేతులతో చేయాలన్నమాట.

ఈ రెంటినీ పక్కపక్కనే పోల్చడం నా పీహెచ్‌డీలో పెద్ద భాగం. సర్జరీలో తీసిన చర్మాన్ని, ఇక్కడ డెర్మటోమ్‌తో కోయకుండా పూర్తి మందంతో, పలక మీద కాస్త సాగదీసి పిన్నులతో బిగించి, వెచ్చగా తడిగా ఉంచి, ఒక గొట్టం ఇది, పక్కది అది అని మార్చిమార్చి దూర్చేవాళ్లం. నీటిలో కరిగే చిన్న అణువు ఒకటి, కొవ్వును ఇష్టపడేది ఒకటి, రెండూ ఒకేసారి రాసేవాళ్లం. మొదటిదానికి రెండు పద్ధతుల గీతలూ దాదాపు పక్కపక్కనే నడిచాయి, చూడగానే ప్రాణం లేచొచ్చింది. రెండోదానికి మైక్రోడయాలసిస్ అంకెలు యంత్రం చూడగలిగే హద్దు అంచునే ఊగిసలాడాయి, ఓపెన్ ఫ్లోలో మాత్రం స్పష్టంగా కనిపించింది. రికవరీతో సరిచేస్తే మధ్య దూరం తగ్గింది కానీ గీత ముక్కలుముక్కలైంది. మైక్రోడయాలసిస్ గీతలో మందు కనిపించలేదని ఎవరైనా చర్మంలో మందు లేదని రాస్తే నేను ఒప్పుకోలేను. అయితే ఓపెన్ ఫ్లోది ఎప్పుడూ పైచేయి అని కూడా అనను. ప్రోటీన్‌కు అంటుకోకుండా విడిగా ఉన్న మందే సాధారణంగా పని చేస్తుంది, దాన్ని విడిగా చూపించేది పొర ఉన్న గొట్టమే. ఏది కొలుస్తున్నామో తెలిసి ఎంచుకోవాలి, అంతే.

బల్ల మీద చర్మంలో రక్తం పారదు. దిగిన మందును ఎత్తుకుపోయేది ఏదీ లేదు, లోపల పేరుకుంటుంది. కాబట్టి అక్కడ వచ్చిన గీత ఎక్కుతూనే ఉండి దిగకపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. పద్ధతుల్ని పోల్చడానికి ఇది సరిపోతుంది, రోగి చేతి మీద ఎంత ఉంటుందో చెప్పడానికి సరిపోదు. చివర్లో అన్నీ కూడబెట్టి లెక్క చూసేవాళ్లం, తుడిచిన దూదిలో ఎంత, టేపుల్లో ఎంత, చర్మం ముక్కలో ఎంత, గొట్టాల్లో ఎంత. రాసిన మందుకు ఇవన్నీ కలిపి 90 నుంచి 110 శాతం మధ్యలో రాకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే, వెనక్కి వెళ్లాల్సిందే.

గ్రాజ్ బృందం 2017లో ప్రచురించిన ఎసైక్లోవిర్ స్టడీ నాకు చాలా ధైర్యాన్నిచ్చింది. 20 మంది ఆరోగ్యవంతులు, తొడ చర్మంలో ఓపెన్ ఫ్లో గొట్టాలు, 36 గంటల శాంపిళ్లు. అసలు క్రీమును దానితోనే పోల్చితే సమానమని తేలింది, అంతే 5 శాతం ఉన్న వేరే కంపెనీ ఎసైక్లోవిర్ క్రీముతో పోల్చితే సమానం కాదని తేలింది. ఒక పద్ధతిని నేను నమ్మాలంటే ఈ రెండూ చేయగలగాలి, ఒకటే అయినదాన్ని ఒకటేనని, వేరే అయినదాన్ని వేరేనని చెప్పాలి. అదీ 20 మందితో చెప్పడమంటే, వందల మంది రోగుల స్టడీలతో పోలిస్తే ఎంత ఖర్చు తగ్గుతుందో ఊహించుకోండి. ట్యూబు మీద శాతం ఒకటే అయినా క్రీములో మిగతా సరుకు మారితే దిగే మందు మారుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం ఎక్కువ ఉన్న ఎసైక్లోవిర్ క్రీముల నుంచి మందు ఎక్కువగా చర్మం దాటుతుందని ఫ్రాంజ్ సెల్లుల్లోనూ చూపించారు.

వరంగల్, హైదరాబాద్, గుంటూరు కాలేజీల్లో ఈ పని చేయాలనుకునేవాళ్లు ఖరీదైన గొట్టాలు లేవని దిగులుపడనక్కర్లేదు. ఫ్రాంజ్ సెల్లుతో బోలెడు మంచి పని చేయొచ్చు. మందు ముట్టుకునే ముందు కింది ద్రవంలో అది ఎంత కరుగుతుందో చూడండి. ప్రయోగంలో రాగల గరిష్ఠ గాఢత కంటే అది కనీసం పది రెట్లు ఉంటే నాకు నిశ్చింత. తర్వాత చర్మం లేకుండా మందు ద్రవాన్ని మీరు వాడే గొట్టాల్లో, సిరంజీల్లో, సీసాల్లో ప్రయోగం నడిచేంతసేపు ఉంచి మళ్లీ కొలవండి. పోసినంతా తిరిగి రాకపోతే గాజుకు మారండి, లేదా ద్రవంలో కాస్త ఆల్బుమిన్ కలిపి మళ్లీ చూడండి. ఆ అంకె రికార్డు పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకోండి, వైవాలో నేనైతే ముందు దాన్నే అడుగుతాను.